బోరు నీటిలో మాంగనీసును ఏఏఎస్‌పై కొలవడం ఎలా: సీసా కడగడం నుంచి నివేదిక దాకా

చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం వైపు నుంచి వచ్చే ఎమ్మెస్సీ విద్యార్థులు ప్రాజెక్టు వేళకు అడిగే ప్రశ్న ఇంచుమించు ఒకటే. “మా ఊరి బోరు నీటిలో మాంగనీసు ఎంత ఉందో చూడాలి. విశ్వవిద్యాలయంలో ఏఏఎస్ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?” విజయనగరం జిల్లాలో మాంగనీసు గనులున్న నేల అది. అక్కడి ప్రతి బావిలోనూ మాంగనీసు ఉంటుందని అనుకోనక్కర్లేదు. అయినా కొలిచి చూడదగ్గ చోటు.

ఏఏఎస్ అంటే పరమాణు శోషణ స్పెక్ట్రోమీటర్. అది నీటిలోని లోహాన్ని నేరుగా తూచదు, మీరిచ్చిన స్టాండర్డుతో, అంటే గాఢత ముందే తెలిసిన ద్రావణంతో, మీ నమూనాను పోల్చి చెబుతుంది. అందుకే స్టాండర్డు, నమూనా, బ్లాంక్ (మాంగనీసు కలపని ఖాళీ ద్రావణం) మూడింటికీ ఒకే ఆమ్లం, ఒకే ద్రావణి, ఒకే మంట ఉండాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ సమానత్వాన్ని కాపాడటానికే.

## 1. ముందుగా తేల్చుకోవలసింది: ఏ లోహానికి ఏ పరికరం

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం మాంగనీసు లీటరుకు 0.1 మి.గ్రా. వరకు ఉండవచ్చు. వేరే నీటి వనరు లేనప్పుడు 0.3 మి.గ్రా. వరకు అనుమతిస్తారు. ఈ స్థాయిని గాలి, ఎసిటిలీన్ మంటతో నడిచే మామూలు ఏఏఎస్ హాయిగా అందుకుంటుంది.

సీసం, కాడ్మియం సంగతి వేరు. తాగునీటిలో సీసం పరిమితి 0.01 మి.గ్రా., కాడ్మియం పరిమితి 0.003 మి.గ్రా. అంత తక్కువ గాఢతలను మంట ఏఏఎస్ నమ్మకంగా చూడలేదు. వాటికి గ్రాఫైట్ ఫర్నేస్ గానీ ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్ గానీ కావాలి. ఆర్సెనిక్‌కు హైడ్రైడ్ పద్ధతి, పాదరసానికి చల్లని ఆవిరి పద్ధతి ఉన్నాయి. సోడియం, పొటాషియం మాత్రమే చూడాలంటే కళాశాలలోని ఫ్లేమ్ ఫోటోమీటర్ చాలు.

ఇది నేను గట్టిగా చెప్పే మాట. కిడ్నీ జబ్బులతో సతమతమవుతున్న ఉద్దానం నుంచి నీరు తెచ్చి, మంట ఏఏఎస్‌పై సీసం సున్నా వచ్చిందని “సీసం లేదు” అని రాసేస్తే అది అబద్ధపు భరోసా. “ఈ పద్ధతి గుర్తింపు పరిమితి కంటే తక్కువ” అని రాసి, ఆ పరిమితి ఎంతో పక్కనే చెప్పాలి. ఆ పరిమితి ప్రమాణం కంటే ఎక్కువగా ఉంటే ఆ పరీక్షతో ఏమీ తేలనట్టే లెక్క.

## 2. పరికరం లోపల జరిగేది

పరికరానికి కాంతినిచ్చేది హాలో కాథోడ్ దీపం. దానిలోని కాథోడ్ మాంగనీసుతోనే తయారవుతుంది. దీపంలో నియాన్ లేదా ఆర్గాన్ తక్కువ పీడనంలో ఉంటుంది. విద్యుత్తు ప్రవహించినప్పుడు ఆ దీపం మాంగనీసుకే చెందిన సన్నని గీతలను వెలువరిస్తుంది. మనకు కావలసింది 279.5 నానోమీటర్ల గీత.

నమూనాను నెబ్యులైజర్ పీల్చుకుని తుంపరగా మారుస్తుంది. పెద్ద చుక్కలు స్ప్రే ఛాంబర్ గోడలకు తగిలి డ్రెయిన్‌లోకి పోతాయి. మంట దాకా చేరేది సాధారణంగా పదో వంతు లోపే. మంటలో నీరు ఆవిరై, లవణం విడిపోయి, స్వేచ్ఛగా ఉన్న మాంగనీసు పరమాణువులు మిగులుతాయి. దీపం కాంతిని అవి పీల్చుకుంటాయి. ఎంత పీల్చాయన్నదే అబ్సార్బెన్స్. తక్కువ గాఢతల్లో అది గాఢతకు అనులోమానుపాతంలో ఉంటుంది. బీర్, లాంబర్ట్ నియమం అదే.

మంట నుంచి కూడా వెలుగు వస్తుంది కదా, అది డిటెక్టరును మోసం చేయదా? చేయకుండా దీపం కాంతిని నిర్ణీత వేగంతో ఆర్పి వెలిగిస్తారు. ఆ లయకు స్పందించేలా డిటెక్టరు వలయాన్ని అమరుస్తారు. మంట నుంచి నిలకడగా వచ్చే కాంతి లెక్కలోకి రాదు.

మంటలో ఉన్న పరమాణువుల్లో దాదాపు అన్నీ కనిష్ఠ శక్తి స్థితిలోనే ఉంటాయి. తేలిగ్గా ఉత్తేజితమయ్యే సోడియంలో సైతం 2500 కెల్విన్ దగ్గర పై స్థితికి చేరేవి పది వేలల్లో సుమారు ఒకటి మాత్రమే. మాంగనీసుకు ఇది ఇంకా తక్కువ. ఉష్ణోగ్రత కొద్దిగా మారితే ఆ ఒక్కటి రెండు కావచ్చు, అవి వెలువరించే కాంతిని కొలిచే ఫ్లేమ్ ఫోటోమీటర్ రీడింగు దానితో ఊగిపోతుంది. కింది స్థితిలో ఉన్నవాటి సంఖ్య మాత్రం మారినట్టే కనిపించదు. శోషణ పద్ధతి నిలకడకు ముఖ్యమైన కారణం ఇదే.

## 3. సీసాలు, గాజుసామాను

అర లీటరు పాలిథిలీన్ సీసాలు తీసుకోండి. సబ్బు నీటితో కడిగి, పది శాతం నైట్రిక్ ఆమ్లంలో ఒక రాత్రి నానబెట్టి, డీఅయొనైజ్డ్ (అయాన్లు తొలగించిన) నీటితో మూడు నాలుగు సార్లు తొలిచి, దుమ్ము పడకుండా ఆరబెట్టాలి. ఫ్లాస్కులకూ పిపెట్లకూ ఇదే స్నానం.

ఆమ్లం కలిపేటప్పుడు ముందు నీరు, తరువాత ఆమ్లం. ఈ వరుస ఎప్పటికీ మారదు.

ఒక జాగ్రత్త. కళాశాల ల్యాబులో అదే బల్ల మీద పర్మాంగనేట్ టైట్రేషన్లు జరుగుతుంటాయి. పర్మాంగనేట్ అంటే మాంగనీసే. ఆ బ్యూరెట్లు, పిపెట్లు, బీకర్లు ఈ పనికి ముట్టుకోవద్దు. గోధుమ రంగు మరక కంటికి కనబడకపోయినా గాజుకు అంటుకున్న పొర ఆమ్లంలో కరిగి మీ బ్లాంక్‌ను పెంచేస్తుంది. ఈ పనికి వేరే గాజుసామాను పెట్టుకుని, మీద పేరు రాసి, వేరే అలమారలో దాచండి.

## 4. నీరు పట్టడం

బోరు పంపును కొన్ని నిమిషాలు వదిలేసి, గొట్టంలో నిలవున్న నీరంతా పోయాక పట్టాలి. చేతిపంపు అయితే ఇది మరీ ముఖ్యం. రాత్రంతా ఇనుప గొట్టంలో నిలిచిన నీరు గొట్టం గురించి చెబుతుంది, భూగర్భం గురించి చెప్పదు.

కరిగిన మాంగనీసు కావాలా, మొత్తం మాంగనీసు కావాలా అన్నది ఊరికి బయలుదేరే ముందే తేల్చుకోండి.

కరిగినది కావాలంటే బావి దగ్గరే 0.45 మైక్రాన్ల పొర గుండా వడకట్టి, ఆ తరువాతే ఆమ్లం కలపాలి. ఆమ్లం ముందు కలిపితే నీటిలో తేలే మట్టి రేణువుల నుంచి లోహం కరిగి వచ్చేస్తుంది. మొత్తం కావాలంటే వడకట్టకుండానే ఆమ్లం కలపాలి.

అర లీటరుకు సుమారు 1 మి.లీ. గాఢ నైట్రిక్ ఆమ్లం సరిపోతుంది. పీహెచ్ 2 కంటే తక్కువకు రావాలి. పీహెచ్ కాగితాన్ని సీసాలో ముంచకండి. గాజు కడ్డీతో ఒక చుక్క తీసి కాగితం మీద పెట్టి చూడండి.

ఆమ్లాన్ని “ఇంటికి వెళ్లాక కలుపుదాం” అని వాయిదా వేయకూడదు. భూగర్భం నుంచి వచ్చిన నీటికి గాలి తగిలాక ఇనుము త్వరగానూ, మాంగనీసు నెమ్మదిగానూ ఆక్సైడులుగా మారి సీసా గోడకు పట్టుకుంటాయి. చీపురుపల్లిలో పొద్దున పట్టిన నీరు బస్సులో, ఎండలో తిరిగి సాయంత్రానికి ల్యాబు చేరేసరికి సీసా అడుగున సన్నని గోధుమ రంగు పొర కనబడితే, మీరు కొలవాల్సిన దానిలో కొంత భాగం అక్కడే ఉందన్నమాట.

బయలుదేరే ముందు సంచిలో చూసుకోవలసినవి:

- ఆమ్లంతో కడిగిన సీసాలు, కొన్ని అదనంగా
- చిన్న సీసాలో గాఢ నైట్రిక్ ఆమ్లం, డ్రాపర్, చేతి తొడుగులు, కళ్లద్దాలు
- వడపోత పొరలు, సిరంజి
- పీహెచ్ కాగితం, గాజు కడ్డీ
- ల్యాబు నుంచి తెచ్చిన డీఅయొనైజ్డ్ నీటి సీసా
- నీటికి చెదరని మార్కరు, నోటు పుస్తకం

ఆ డీఅయొనైజ్డ్ నీరు ఫీల్డ్ బ్లాంక్ కోసం. బావి దగ్గరే దాన్ని ఖాళీ సీసాలో పోసి, వడకట్టి, అదే ఆమ్లం కలపండి. ల్యాబులో దానిలోనూ మాంగనీసు కనిపిస్తే తప్పు మీ సీసాలోనో, ఆమ్లంలోనో, పొరలోనో ఉంది.

## 5. మొత్తం మాంగనీసుకు డైజెషన్ (ఆమ్లంతో వేడిచేసి కరిగించడం)

ఫ్యూమ్ హుడ్ కింద 100 మి.లీ. నమూనాకు 5 మి.లీ. గాఢ నైట్రిక్ ఆమ్లం కలిపి, వాచ్ గ్లాస్ కప్పి, హాట్ ప్లేట్ మీద మరగకుండా వేడిచేయండి. 20 మి.లీ. దాకా తగ్గాలి, పూర్తిగా ఎండిపోకూడదు. ద్రావణం తేటగా అయ్యాక చల్లార్చి, వడకట్టి, తిరిగి 100 మి.లీ. చేయండి. అదే రోజు, అదే ఆమ్లంతో, నమూనా బదులు డీఅయొనైజ్డ్ నీరు పోసి ఒక బ్లాంక్‌ను కూడా ఇలాగే మరిగించకుండా వేడిచేయాలి.

కరిగిన మాంగనీసు మాత్రమే చూసేవారికి ఈ మెట్టు అక్కర్లేదు.

## 6. స్టాండర్డుల తయారీ

లీటరుకు 1000 మి.గ్రా. ధ్రువీకృత ద్రావణం కొనుక్కోవడం మేలు. దొరకనప్పుడు 3.076 గ్రాముల మాంగనీస్ సల్ఫేట్ మోనోహైడ్రేట్‌ను కొద్దిపాటి నైట్రిక్ ఆమ్లం కలిపిన నీటిలో కరిగించి సరిగ్గా ఒక లీటరు చేస్తే అదే గాఢత వస్తుంది. లవణంలో నీటి అణువుల సంఖ్యను సీసా మీద చదివి మరీ తూచండి. మోనోహైడ్రేట్ అనుకుని వేరే హైడ్రేటును తూస్తే స్టాండర్డులన్నీ ఒకే పాళ్లలో పలచబడతాయి. స్టాండర్డుల గాఢతకు ఎదురుగా అబ్సార్బెన్స్ గీసే గ్రాఫు మాత్రం అందంగా సరళరేఖగానే వస్తుంది, తప్పు బయటపడదు.

వరుస ఇది:

1. 1000 మి.గ్రా. ద్రావణం నుంచి 10 మి.లీ. తీసి 100 మి.లీ. చేయండి. ఇది 100 మి.గ్రా. ద్రావణం.
2. దీని నుంచి 10 మి.లీ. తీసి 100 మి.లీ. చేయండి. ఇది 10 మి.గ్రా. ద్రావణం.
3. ఈ చివరి ద్రావణం నుంచి 1, 2, 5, 10, 20 మి.లీ. చొప్పున వేర్వేరు 100 మి.లీ. ఫ్లాస్కుల్లోకి తీసుకోండి. 0.1, 0.2, 0.5, 1.0, 2.0 మి.గ్రా. స్టాండర్డులు వస్తాయి.

నమూనాల్లో ఎంత ఆమ్లం ఉందో స్టాండర్డుల్లోనూ బ్లాంక్‌లోనూ అంతే ఉండాలి. ఆమ్లం మారితే ద్రావణం చిక్కదనం, నెబ్యులైజర్ పీల్చే వేగం మారతాయి. 10 మి.గ్రా. ద్రావణాన్నీ దాని కింది స్టాండర్డులనూ ఏ రోజుకారోజు చేసుకోవాలి.

## 7. సిలికా అడ్డంకి, దానికి కాల్షియం

మన ప్రాంతంలో దీన్ని వదిలేయకూడదు. తూర్పు కనుమల ఖొండలైటు, కోడూరు ఊరి పేరుతో పిలిచే కోడురైటు శిలలు సిలికేట్ ఖనిజాలతో నిండినవి. అలాంటి రాతి పగుళ్లలోంచి వచ్చే నీటిలో సిలికా కరిగి ఉంటుంది. మంటలో సిలికా మాంగనీసును పట్టుకుని, అది పరమాణువుగా విడిపోకుండా ఆపుతుంది. రీడింగు తగ్గుతుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది: నీరు ఉన్నదానికంటే మంచిదిగా కనబడుతుంది.

విరుగుడు సులువు. 630 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌ను, ఒక వంతు హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఐదు వంతుల నీరు కలిపిన ద్రావణం 50 మి.లీ.లో కరిగించండి. అవసరమైతే మెల్లగా మరిగించవచ్చు. చల్లారాక ఒక లీటరు చేయండి. ప్రతి 100 మి.లీ. నమూనాకు ఈ ద్రావణం 25 మి.లీ. కలపాలి. నీరు తక్కువగా ఉంటే 20 మి.లీ.కి 5 మి.లీ. అయినా చాలు.

స్టాండర్డులకూ, బ్లాంక్‌కూ ఇదే పాళ్లలో కలపాలి. అన్నీ ఒకే రీతిన పలచబడ్డాయి కాబట్టి గ్రాఫు మీద స్టాండర్డుల అసలు గాఢతలనే రాసుకోండి. చివర్లో 1.25తో గుణించనక్కర్లేదు. ప్రాజెక్టు పుస్తకాల్లో ఎక్కువగా దొర్లే లెక్క తప్పు ఇదే: రెండు పక్కలా పలచబరిచి, ఒక పక్కనే గుణిస్తారు.

## 8. మంట వెలిగించే ముందు, వెలిగించేటప్పుడు

దీపాన్ని పెట్టి, దాని మీద రాసిన గరిష్ఠ కరెంటు దాటకుండా వెలిగించండి. పావుగంట వేడెక్కనివ్వాలి. తరంగదైర్ఘ్యం 279.5 నానోమీటర్లు, స్లిట్ (డిటెక్టరుకు కాంతిని వదిలే సన్నని చీలిక) 0.2 నానోమీటర్లు. 279.8, 280.1 దగ్గర మాంగనీసువే మరో రెండు గీతలు ఉన్నాయి. స్లిట్ వెడల్పు చేస్తే అవీ లోపలికొచ్చి గ్రాఫును వంచేస్తాయి.

ఈలోగా భద్రత చూసుకోండి:

- పొగగొట్టం ఫ్యాను తిరుగుతోందా?
- డ్రెయిన్ గొట్టంలోని ఉచ్చులో నీరు నిండి ఉందా? ఖాళీగా ఉంటే గ్యాసు అటునుంచి బయటికి వస్తుంది, మంట వెనక్కి తన్నవచ్చు.
- ఎసిటిలీన్ సిలిండరు నిలువుగా, గొలుసుతో కట్టి ఉందా?
- సిలిండరు లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు 7 కిలోల కంటే ఎక్కువ ఉందా? తగ్గితే సిలిండరులోని ఎసిటోన్ గ్యాసుతో పాటు కొట్టుకొస్తుంది. సిలిండరు మార్చండి.
- రెగ్యులేటరు బయటి పీడనం 15 పీఎస్ఐ లోపే ఉందా?
- ఎసిటిలీన్ దారిలో రాగి గొట్టం ఎక్కడా లేదు కదా? రాగితో ఎసిటిలీన్ పేలే స్వభావమున్న పదార్థాన్ని ఏర్పరుస్తుంది.
- సబ్బు నీటితో కీళ్లన్నీ చూశారా?

ముందు గాలి, తరువాత ఎసిటిలీన్, ఆ తరువాత వెలిగించడం. మాంగనీసుకు ఇంధనం తక్కువగా ఉన్న నీలి మంట కావాలి. పసుపు రంగు కనబడితే ఎసిటిలీన్ తగ్గించండి. మంటను రక్షణ అద్దం గుండానే చూడాలి.

మంట పది సెంటీమీటర్ల పొడవునా తెగకుండా, సమంగా ఉండాలి. మధ్యలో దంతాల్లా ఖాళీలు కనిపిస్తే బర్నర్ చీలికలో లవణం పేరుకుందని అర్థం. ఆర్పి, చల్లారాక, గట్టి కాగితపు అట్టతో చీలికను శుభ్రం చేయండి. తరువాత 2 మి.గ్రా. స్టాండర్డును పీలుస్తూ బర్నర్ ఎత్తు, పక్క స్థానం, నెబ్యులైజర్ సర్దుబాటు చేసి రీడింగు గరిష్ఠానికి తెచ్చుకోండి.

## 9. రీడింగు తీసే వరుస

డీఅయొనైజ్డ్ నీటిని కొన్ని నిమిషాలు పీల్చనివ్వండి. బ్లాంక్‌తో సున్నా పెట్టండి. తక్కువ గాఢత నుంచి ఎక్కువకు స్టాండర్డులు చదవండి. ప్రతిదానికీ మూడు రీడింగులు. ఒకదానికీ మరోదానికీ మధ్య ఆమ్లపు నీటితో కడగాలి.

నమూనాలు మొదలుపెట్టాక పదింటికి ఒకసారి ఆగి, ఒక స్టాండర్డునూ బ్లాంక్‌నూ మళ్లీ చదవండి. స్టాండర్డు పది శాతానికి మించి తప్పితే గ్రాఫు తిరిగి గీసి, ఆ పదింటినీ మళ్లీ చదవాలి. మధ్యలో కరెంటు పోయి వచ్చిందంటే దీపానికి మళ్లీ పావుగంట ఇవ్వాలి, గ్రాఫు కొత్తగా గీయాలి. పాత గ్రాఫు మీద కొత్త రీడింగులు వేయవద్దు.

2.0 మి.గ్రా. దాటిన నమూనాను పలచబరిచి చదవండి. గ్రాఫును చేత్తో ముందుకు పొడిగించడం కుదరదు.

## 10. లెక్క, నమ్మకం

ఒక ఉదాహరణ తీసుకుందాం. గ్రాఫు వాలు లీటరుకు ఒక మి.గ్రా.కు 0.080, అక్షాన్ని తాకే చోటు 0.001 అనుకోండి. నమూనా అబ్సార్బెన్స్ 0.037 వచ్చింది. 0.037 నుంచి 0.001 తీసేస్తే 0.036. దాన్ని 0.080తో భాగిస్తే లీటరుకు 0.45 మి.గ్రా. ఇది 0.3 మి.గ్రా. పరిమితిని కూడా దాటింది.

ఈ అంకెను వెంటనే నమ్మకండి. అదే నమూనా ఇంకో 100 మి.లీ. తీసుకుని, కాల్షియం కలపకముందే, 100 మి.గ్రా. ద్రావణం 0.5 మి.లీ. మైక్రోపిపెట్‌తో కలపండి. అంటే లీటరుకు 0.5 మి.గ్రా. చొప్పున అదనంగా చేర్చాం. తరువాత మామూలుగానే కాల్షియం కలిపి చదవండి. అబ్సార్బెన్స్ 0.075 వస్తే గాఢత 0.925 మి.గ్రా. పెరుగుదల 0.475. దాన్ని 0.5తో భాగిస్తే 95 శాతం తిరిగి వచ్చింది. 85 నుంచి 115 శాతం మధ్య వస్తే నమ్మవచ్చు. 60, 70 శాతమే వస్తే నమూనాలో ఏదో మంటను అడ్డుకుంటోంది. మొదట మీ కాల్షియం ద్రావణాన్ని అనుమానించండి.

గుర్తింపు పరిమితికి బ్లాంక్‌ను పదిసార్లు చదివి, ఆ రీడింగుల ప్రామాణిక విచలనాన్ని మూడుతో గుణించి వాలుతో భాగించాలి. విచలనం 0.0004 అయితే పరిమితి 0.015 మి.గ్రా. మూడు బదులు పదితో గుణిస్తే 0.05 మి.గ్రా., దీని కంటే తక్కువ అంకెలను అంకెలుగా రాయకూడదు. 0.1 మి.గ్రా. ప్రమాణానికి ఈ పరికరం పనికొస్తుందని ఇప్పుడు మీ సొంత రీడింగులే చూపించాయి.

## 11. చిక్కులు, సవరింపులు

అన్ని రీడింగులూ ఒక్కసారిగా సగమయ్యాయి. నెబ్యులైజర్ కేశనాళిక మూసుకుపోయి ఉంటుంది. కొలజాడీలో నీరు పోసి నిమిషానికి ఎంత పీలుస్తోందో చూడండి. మామూలుగా 4 నుంచి 6 మి.లీ. ఉండాలి. తగ్గితే మంట ఆర్పి, పరికరంతో వచ్చిన సన్నని తీగతో శుభ్రం చేయండి. వడకట్టని నమూనాలే దీనికి ముఖ్య కారణం.

రీడింగు నిలవడం లేదు. దీపం వేడెక్కలేదా, మంటకు గాలి తగులుతోందా, కంప్రెసర్‌లో నీరు చేరిందా అన్న వరుసలో చూడండి. తీరపు తేమలో కంప్రెసర్ నీటి ఉచ్చును ప్రతిరోజూ ఖాళీ చేయాల్సిందే.

నమూనాకు రుణాత్మక రీడింగు వచ్చింది. సున్నా పెట్టిన బ్లాంక్‌లోనే మాంగనీసు ఉంది. కొత్త ఫ్లాస్కులో కొత్త బ్లాంక్ చేయండి. పర్మాంగనేట్ గాజుసామాను గుర్తుందా?

గ్రాఫు పైకొసన వంగింది. స్లిట్, దీపం కరెంటు చూడండి. రెండూ సరిగ్గా ఉంటే పై స్టాండర్డును వదిలి, సరళంగా ఉన్న భాగంలోనే పనిచేయండి.

భోగాపురం, కళింగపట్నం వైపు ఉప్పు నీరు. లవణం ఎక్కువైతే మంటలో కాంతి చెదిరి, లేని మాంగనీసు ఉన్నట్టు కనబడుతుంది. డ్యుటీరియం దీపంతో నేపథ్య సవరణ పెట్టుకోండి, నమూనాను పలచబరచండి, బర్నర్‌ను తరచూ కడగండి.

## 12. ఆర్పడం, నివేదిక రాయడం

చివరి నమూనా తరువాత పలచని ఆమ్లం, ఆ వెంటనే డీఅయొనైజ్డ్ నీరు ఐదేసి నిమిషాలు పీల్చనివ్వండి. మొదట ఎసిటిలీన్ సిలిండరు వాల్వు మూసి, గొట్టంలో మిగిలింది కాలిపోనివ్వండి. గాలి చివర్లో ఆపాలి.

నివేదికలో ఒక్కో బావికీ ఉండవలసినవి:

- ఊరు, బావి రకం, లోతు తెలిస్తే లోతు, నీరు పట్టిన తేదీ, వేళ
- కరిగిన మాంగనీసా, మొత్తం మాంగనీసా
- లీటరుకు మి.గ్రా.లలో ఫలితం, మూడు రీడింగుల విచలనం
- ఫీల్డ్ బ్లాంక్ ఫలితం, చేర్చినది తిరిగి వచ్చిన శాతం
- గుర్తింపు పరిమితి, పోల్చిన ప్రమాణం

ఏ బావి అయినా 0.3 మి.గ్రా. దాటితే ఊరివాళ్లకు చెప్పేముందు ఇంకో రోజు వెళ్లి రెండో నమూనా తెచ్చి చూడండి. అదీ దాటితే రెండు ఫలితాలనూ జోడించి గ్రామీణ నీటి సరఫరా విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆమ్లం కలిపిన సీసాల్లో మిగిలిన నీటిని పారబోయవద్దు. అది ఆరు నెలల వరకు పరీక్షకు పనికొస్తుంది, మీ అంకెను ఎవరైనా ప్రశ్నిస్తే వేరే ల్యాబుకు పంపించవచ్చు.